పన్నెండు కిలోల యాభై గ్రాములు

కర్నూలు,
జూన్ 29, ఆదివారం.

ఒరే మామా,

ముందు తిట్టుకో, తర్వాత చదువు. నీ ఉత్తరం ఉగాదికి ముందే వచ్చింది. మూడు నెలలైనా జవాబు రాయలేదంటే తప్పు నాదే. పదో తరగతి పరీక్షలన్నారు, తర్వాత స్పాట్ వాల్యుయేషన్ అన్నారు, ఆ తర్వాత ఎండలు. రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ నాలుగు వాక్యాల దగ్గర ఆపేశాను. ఆ కాగితాలు ఇంకా నా డ్రాయర్‌లోనే ఉన్నాయి.

కబుర్లు గబగబా చెప్పేస్తాను. అమ్మ మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి. పాప మూడో తరగతికి వచ్చింది. మా బడిలో ఈసారి పది రాసింది 34 మంది, పాసయింది 32. రెండు మంచి వానలు పడ్డాయి, తుగ్గలి, జొన్నగిరి పక్క చేలల్లో వజ్రాలు వెతికే జనం మళ్ళీ దిగారు. బుధవారపేట గది ఓనరు మొన్న రాజ్‌విహార్ దగ్గర కనబడ్డాడు. మూడో ఫ్యాన్ సంగతి ఇంకా మర్చిపోలేదురా! నీ పేరే చెప్పాను. ఉగ్గాని బజ్జీ బాకీ మాత్రం మాఫీ చేయను, అది వేరే ఖాతా.

ఇక అసలు సంగతి. పదమూడు రోజులుగా ఎవరికైనా చెప్పాలని కొట్టుకుంటున్నాను. ఇంట్లో సగం చెప్పాను, స్టాఫ్ రూంలో పావు చెప్పాను. మొత్తం నీకే చెప్పాలి, ఎందుకంటే ఇందులో మన పాత్ర కూడా ఉంది. ఎట్లాగో ముందు ముందు తెలుస్తుంది.

మా బడి సంగతి నీకు తెలుసుగా. ఆరు నుంచి పది వరకు అయిదు తరగతులు, నూట అరవై మంది మగపిల్లలు. హాస్టల్ లేదు, పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ళే, చాలామంది పాతబస్తీ పిల్లలు. లెక్కలతో పాటు అడ్మిషన్లు కూడా నేనే చూస్తున్నాను. ఏడో తరగతి దాటి వచ్చే ప్రతి పిల్లవాడికి 30 మార్కుల పరీక్ష పెట్టడం ఇక్కడ మొదటి నుంచీ ఉంది. తెలుగు పది, ఇంగ్లీషు పది, లెక్కలు పది. 15 దాటితే సీటు, లేకపోతే ‘ఖాళీలు లేవు’. నాలుగేళ్ళుగా ఆ పేపర్ తయారు చేస్తున్నది నేనే.

16వ తేదీ సోమవారం ఒక అవ్వ పదమూడేళ్ళ పిల్లవాణ్ణి వెంటబెట్టుకొని వచ్చింది. కోసిగి పక్క పల్లె. మేనమామ ఇక్కడ ఆటో నడుపుతాడు, ఆయన కొడుకు మా దగ్గరే తొమ్మిదిలో ఉన్నాడు. పిల్లవాణ్ణి మామ ఇంట్లో పెట్టి ఇక్కడే చదివించాలని వాళ్ళ ఆలోచన. రికార్డు షీట్‌లో ఏడు పాసైనట్టు ఉంది. ఆన్‌లైన్‌లో పెన్ నంబరు (ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత నంబరు) కొట్టి చూస్తే, ఊళ్ళో బడివాళ్ళు అప్పటికే వాణ్ణి బడి మారే పిల్లలను ఉంచే డ్రాప్ బాక్స్‌లో వేసేశారు. కాగితాల వరకు ఏ చిక్కూ లేదు.

పరీక్షలో 30కి 7 వచ్చాయి.

నేను పేపర్ పక్కన పెట్టి, మామూలుగా చెప్పే మాట చెప్పబోయాను. అంతలో అవ్వ అందుకుంది. “సార్, మావోడు జనవరి నుంచి బడికి పోల్యా. సుగ్గికి పోయినాం. ఇంట్లో ఒక్కన్ని ఇడ్సిపెట్టి యాడ పోతాం సార్, ఎంటేస్కపోయినాం.”

సుగ్గి మాట విని ఎన్నాళ్ళైందిరా. కోసిగి, మంత్రాలయం, ఆదోని పక్క పల్లెలు సంక్రాంతి నాటికి సగం ఖాళీ అవుతాయి. గుంటూరు పక్క మిరప కోతలకు లారీల్లో, రైళ్ళల్లో పోతారు, అదే సుగ్గి. మళ్ళీ ఏప్రిల్‌లోనే రాక. అటువంటి పిల్లల కోసం ఊళ్ళలో సీజనల్ హాస్టళ్ళు పెడతారు కానీ, అన్ని ఇళ్ళూ పిల్లల్ని వదిలిపోవు. తిరిగొచ్చేసరికి పాఠాలన్నీ అయిపోయి ఉంటాయి.

“నోట్సు ఏమైనా తెచ్చావా నాయనా?” అని అడిగాను. సంచిలోంచి ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి ఇచ్చాడు. లెక్కల పుస్తకం. చివరి తేదీ జనవరి 9. కింద ‘సంక్రాంతి సెలవుల హోంవర్క్’ అని రాసి స్కేలుతో గీత గీశాడు. హోంవర్క్ మాత్రం లేదు. పేజీ తిప్పితే వేరే లెక్కలు మొదలయ్యాయి.

తేదీ, నాయన, అమ్మ, అక్క అని నాలుగు నిలువు గళ్ళు. ఒక్కొక్కరికి రోజుకు మూడేసి తూకాలు. 14.620, 11.300, 13.910 ఇట్లా ఆరు పేజీలు. మిరపకాయలు కోసి తూకం వేసినప్పుడల్లా మేస్త్రీ కిలోలూ గ్రాములూ గట్టిగా చెప్తాడట, వీడు పక్కన నిలబడి రాసుకునేవాడట. ఇంట్లో ఇప్పుడు చదువుకుంటున్నవాడు వీడొక్కడే. అక్క తొమ్మిదిలో మానేసింది. కూలి కిలోకి 15 రూపాయలు.

చేతిరాత చూడాలి మామా నువ్వు. ఒక్క కొట్టివేత లేదు. చూస్తూ చూస్తూ ఒక చోట ఆగాను. ‘12.50’. మిగతావన్నీ చుక్క తర్వాత మూడేసి అంకెలు, ఇక్కడ రెండే. “ఇదెంత?” అంటే “పన్నెండు కిలోల యాభై గ్రాములు సార్” అన్నాడు, ఏ మాత్రం తడుముకోకుండా.

“రూపాయి యాభై పైసలు ఎట్ల రాస్తావు?”

“1.50.”

“కిలో యాభై గ్రాములు?”

“1.50.”

“రూపాయికి పైసలెన్ని?”

“నూరు.”

“కిలోకి గ్రాములు?”

“వెయ్...” అని సగంలో ఆగిపోయాడు. నేను ఇంకేమీ చెప్పలేదు, ఒట్టు. వాడే పెన్సిల్ తీసుకొని చుక్క పక్కన సన్నగా సున్నా ఇరికించాడు. 12.050.

నాకు ఎంత సంతోషం వేసిందంటే, గట్టిగా “శభాష్” అన్నాను. ఒక్క తూకం దగ్గరే 450 గ్రాములు ఎక్కువ పడిందని చెప్పి, ఇట్లాంటివి ఇంకా ఉన్నాయా చూడమన్నాను. వాడు చూడలేదు. పుస్తకం మూసేసి దాని మీద చెయ్యి పెట్టుకున్నాడు. కాసేపటికి, “అయితే మేస్త్రీ మోసం చేయల్యా సార్?” అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అవ్వ చెప్పింది. సుగ్గి ముగిశాక మేస్త్రీ లెక్కకూ వీడి లెక్కకూ 33 కిలోలు తేడా వచ్చిందట. వీళ్ళదే ఎక్కువ. 33 కిలోలంటే 495 రూపాయలు. అంతేనా అనకు. పిల్లోడు రోజూ నిలబడి రాసిన లెక్కను కాదంటావా అని వాళ్ళ నాయన అందరి ముందూ మేస్త్రీ కాలర్ పట్టుకున్నాడట. ఆరేళ్ళుగా వీళ్ళను పనికి తీసుకుపోతున్న మనిషి. జబ్బులొచ్చినప్పుడు అడ్వాన్సులు ఇచ్చినవాడు. మళ్ళీ నా గుంపులోకి రావద్దు అని తెగేసి చెప్పాడు. వచ్చే ఏడు ఎవరి వెంట పోవాలో తెలియదు. అందుకే పిల్లవాణ్ణయినా ఒక దారిలో పెడదామని ఇక్కడికి పంపారు.

అంటే ఆ ఒక్క సున్నా వల్లే వాడు నా ముందు కూర్చున్నాడు.

ఆ క్షణం ఎంత బాధ పడ్డానో రాయలేను. వాడు తల వంచుకొని, “మా నాయనకు చెప్పొద్దు సార్” అన్నాడు. అంతే. ఏడవలేదు.

ఇక మన పాత్ర. బుధవారపేటలో మనం పిల్లలకు లెక్కలు చెప్పేటప్పుడు దశాంశాలు ఎట్ల మొదలుపెట్టేవాళ్ళం? రూపాయలు, పైసలు! పిల్లలకు తొందరగా ఎక్కుతుందని. నిజమే, ఎక్కుతుంది. కానీ అక్కడే ఆగితే, చుక్క తర్వాత రెండో అంకె వరకే ఉంటుందని, యాభై అంటే ఎక్కడైనా .50 అని బుర్రలో ముద్ర పడిపోతుంది. కిలోలు, మీటర్లు, లీటర్లు వచ్చేసరికి అది దెబ్బ తీస్తుంది. ఈ పిల్లవాడికి 620 గ్రాములు సరిగ్గా వచ్చింది, 300 సరిగ్గా వచ్చింది. వందలోపు గ్రాములు వచ్చినచోటల్లా తప్పు. పదో వంతు, వందో వంతు, వెయ్యో వంతు అని గళ్ళు గీయించి నింపించి ఉంటే ఇది జరిగేది కాదు. వీడికి సంక్రాంతి తర్వాత పాఠమే లేదు, వాణ్ణేం అంటాం. ఇప్పుడు ఆరో తరగతికి తూకంతోనే మొదలుపెడుతున్నాను. బడికి ఒక చిన్న డిజిటల్ కాటా కొన్నాను. నువ్వు ఇంకా ఎవరికైనా చెప్తున్నట్టయితే నువ్వూ మార్చు.

కరస్పాండెంట్ సార్ దగ్గరికి వెళ్ళాను. ఆయన చెడ్డవాడు కాదు మామా, అది నువ్వు మనసులో పెట్టుకో. చిన్న బడి. పక్క వీధిలో పెద్ద సంస్థల ఫ్లెక్సీలు. తల్లిదండ్రులు వచ్చి మొదట అడిగేది పదో తరగతి రిజల్ట్ ఎంత అని. 600కు ఎన్ని వచ్చాయి అన్నదే వాళ్ళకు కావాలి. ఇద్దరు ఫెయిలైతే వచ్చే ఏడు పది అడ్మిషన్లు తగ్గుతాయి, మా జీతాలు అందులోంచే. “7 మార్కుల వాణ్ణి ఎనిమిదిలో ఎట్ల వేసుకుంటాం? కావాలంటే ఆరులో వెయ్యండి” అన్నాడు.

నేను మొదటిసారి గొంతు పెంచాను. విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రింటు తీసి బల్ల మీద పెట్టాను. అడ్మిషన్‌కు పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష పెట్టి వడపోయకూడదు. మొదటిసారి తప్పు చేస్తే 25,000 వరకు, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 వరకు జరిమానా. చట్టం అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. ఇన్నేళ్ళుగా మనం చేస్తున్నది తప్పు సార్ అన్నాను. 25 శాతం ఉచిత సీట్లు ఒకటో తరగతి నుంచి కాబట్టి మన బడికి అది రాదు, నిజమే, కానీ ఈ సెక్షన్ మనకూ వర్తిస్తుంది అన్నాను. వెనకబడిన పిల్లవాణ్ణి వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టి, ప్రత్యేకంగా చెప్పి మిగతావాళ్ళతో సమానం చేయాలనేది కూడా ఆ చట్టం ఆలోచనే. పదమూడేళ్ళవాణ్ణి పదకొండేళ్ళ పిల్లల మధ్య కూర్చోబెడితే నెలలో మానేస్తాడు సార్. పదికి ఇంకా రెండున్నరేళ్ళు పైన ఉంది. పొద్దున 8 గంటలకు నేను వస్తాను, గంట సేపు వాడు నా పూచీ అన్నాను.

ఆయన చాలాసేపు నోట్‌బుక్ తిప్పుతూ కూర్చున్నాడు. ఆరు పేజీలూ చూశాడు. “ఈ రాత మన తొమ్మిదోళ్ళలో ఎంతమందికి ఉంది?” అని మాత్రం అన్నాడు. సీటు ఇచ్చాడు. ఫీజు 18,000లో సగం తీసేశాడు. పరీక్ష పేపర్లు ఉన్నవన్నీ నేనే చింపేశాను. ఇకనుంచి చేరిన తర్వాతే, ఎక్కడ వెనకబడ్డాడో తెలుసుకోవడానికి మాత్రమే పరీక్ష. ఆయన ఒప్పుకున్నాడు.

మధ్యలో ఒక మాట. వాళ్ళ అక్కకు పదిహేడేళ్ళు. అంత పని చేసింది, ఆ గళ్ళలో కొన్ని రోజులు నాయనకంటే ఎక్కువ ఆమెవే ఉన్నాయి. మాది మగపిల్లల బడి. కస్తూర్బా బడిలో అడిగితే, వయసు దాటింది కదా, ఓపెన్ స్కూల్‌లో పది కట్టించవచ్చేమో... దీని గురించి నీతో విడిగా మాట్లాడాలి, ఏదైనా ఆలోచించి పెట్టు.

పన్నెండు రోజులుగా వాడు 8 గంటలకంటే ముందే గేటు దగ్గర ఉంటున్నాడు. తెలుగు ఫరవాలేదు, చదువుతాడు. ఇంగ్లీషు కష్టమే. పుస్తకంలో పక్కపక్క పేజీల్లో రెండు భాషలూ ఉన్నాయి కాబట్టి తెలుగు చదివి, ఇంగ్లీషు వైపు వేలు పెట్టి వెతుక్కుంటున్నాడు. లెక్కల్లో నేను భిన్నాలు చెప్దామనుకుంటే, వాడు వద్దు సార్ ముందు ఇది అని ఆ ఆరు పేజీలే తెరిచాడు. ఎర్ర పెన్ను ఇస్తే తీసుకోలేదు, పెన్సిలే కావాలన్నాడు. 70 చోట్ల సున్నా పెట్టాడు. నిన్న కూడిక పూర్తయింది. తాను ఎక్కువ రాసింది ముప్పై ఒక్క కిలోల యాభై గ్రాములు. 31.050 అని రాసి, ఆ సున్నా మీద రెండుసార్లు దిద్దాడు.

“33లోంచి ఇది పోతే ఇంకా దాదాపు రెండు కిలోలు ఉంది సార్. ఆ తప్పు మాత్రం మేస్త్రీదే” అన్నాడు! నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. తర్వాత వాడే, “నాయనకు నేనే చెప్తా సార్, మీరు పక్కన ఉంటారా?” అని అడిగాడు. రాత్రి మామ ఫోన్‌తో నాయనను రమ్మన్నాడట. ఎందుకో చెప్పలేదట.

అందుకే ఆదివారమైనా బడిలో కూర్చున్నాను. అడ్మిషన్ రిజిస్టర్ పూర్తి చేద్దామని వచ్చి, నీకు ఉత్తరం రాస్తున్నాను. ఏం మాట్లాడాలో పొద్దుటి నుంచి ఆలోచిస్తున్నా. ఆయన అందరి ముందూ కాలర్ పట్టుకున్నది కొడుకు మీది నమ్మకంతో. ఇప్పుడు ఆ కొడుకే తప్పు నాది అంటే... కొడతాడని కాదు, ఆ మనిషి ముఖం ఎట్లా ఉంటుందో అని నా భయం. మేస్త్రీ నంబరు మామ దగ్గర ఉందట. వాళ్ళిద్దరినీ ఒకసారి మాట్లాడించగలిగితే...

గేటు చప్పుడైంది. అటెండర్ చేయి ఊపుతున్నాడు. పంచె, భుజాన టవలు, వాళ్ళ నాయనే అయ్యుంటాడు. పిల్లవాడు నోట్‌బుక్ పట్టుకొని అప్పుడే మెట్లు దిగుతున్నాడు. నేను పోవాలి. మిగ