శీర్షికలకు ఫాంట్లున్నాయి, పాఠానికే కొరత

సంపాదకులకు,

తెలుగులో యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తించే ఉమ్మడి సంకేత పద్ధతి) ఫాంట్లు లేవన్న ఫిర్యాదుకు ఇప్పుడు కాలం చెల్లింది. గౌతమి, పోతన, వేమనలతో సరిపెట్టుకున్న రోజులు పోయి, సిలికానాంధ్ర చొరవతో వెలువడిన మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు మొదలు గూగుల్ నోటో, అనేక్ తెలుగు, టిరో తెలుగు దాకా ఎన్నో ఉచితంగానే దొరుకుతున్నాయి. అయితే వీటిలో ఏది ఏ పనికి తగునో చూసి వాడేవారు తక్కువ. పెద్ద శీర్షిక కోసం దిట్టంగా గీసిన రామభద్రను ఈ మధ్య ఒక కార్యాలయం వారు ఆరోగ్య కరపత్రం నిండా చిన్న అక్షరాల్లో అచ్చు వేయించగా, మందు మోతాదు చదవడానికి పెద్దవాళ్లు పక్కవారిని అడగవలసి వచ్చింది.

అసలు చిక్కు మందం దగ్గర ఉంది. మండలి, సూరన్న, గిడుగు ఒక్కొక్కటీ ఒకే మందంలో లభిస్తాయి. వాటితో పుస్తకం కూర్చి, ఉపశీర్షిక కోసం బోల్డ్ బటన్ నొక్కితే, అక్కడ ఆ అక్షరమే లేదు కనుక కంప్యూటర్ ఉన్న గీతనే ఉబ్బించి చూపుతుంది. దాంతో థ కడుపులోని చుక్క చుట్టూ ఉండే తెల్లని ఖాళీ పూడుకుపోయి కథకూ కధకూ తేడా తెలియదు. ప తలకట్టు కిందనున్న సన్నని ఎడం మూసుకుపోయి వ అనిపిస్తుంది. నోటో, హింద్ గుంటూరు, అనేక్ తెలుగులకు ఈ బాధ లేదు, ఎందుకంటే వాటిలో ప్రతి మందాన్నీ విడిగా తీర్చారు. ప్రాచీన భారతీయ సాహిత్యాన్ని వెలువరించే మూర్తి క్లాసికల్ లైబ్రరీ పుస్తకాల కోసం చేసిన అక్షరాల నుంచి వచ్చిన టిరో తెలుగు కావ్యానికీ నవలకూ చక్కగా అమరుతుంది గానీ, దానికీ బోల్డ్ లేదు.

డీటీపీ వాళ్లు, అంటే కంప్యూటర్‌లో పుటలు కూర్చేవాళ్లు, ‘అను’ అనే పాత ఫాంట్లను వదలకపోవడానికి అలవాటొక్కటే కారణం కాదు. అనుపమ వంటివి అందులో పలు మందాల్లో ఉన్నాయి. అవి యూనికోడ్ కావు కాబట్టి ఆ పుటలను నెట్‌లో పెట్టినా వెతుకులాటకు దొరకవు. అది వేరే నష్టం.

ఇరుకు కాలమ్‌లో శీర్షిక పట్టకపోతే అక్షరాన్ని అడ్డంగా నొక్కేయడం పత్రికల్లో మామూలైపోయింది. మీ పత్రికా ఇందుకు మినహాయింపు కాదు. అలా నొక్కితే నిలువు గీతలు సన్నబడి, అడ్డగీతలు అలాగే ఉండి అక్షరం వికారంగా తయారవుతుంది. అనేక్ తెలుగులో వెడల్పును తగ్గించుకునే వీలు ఫాంటులోనే ఉంది కనుక ఆ పని గీత చెడకుండా జరుగుతుంది. ఫోన్ తెరల మీద దీనికి తోడు వత్తుల సమస్య ఒకటి: ఇంగ్లీషు కొలతతో పెట్టిన పంక్తుల ఎడంలో రాష్ట్రం, స్త్రీ వంటి మాటల కింది వత్తులు తెగిపోవడమో, కింది పంక్తి గుడులను తాకడమో జరుగుతుంది.

ప్రభుత్వాలు గానీ సంస్థలు గానీ ఇకమీదట కొత్త ఫాంటు చేయించేటప్పుడు ఇంకో పోస్టరు అక్షరానికి బదులు, చిన్న సైజులో పేరాలు చదవడానికి పనికొచ్చే, నాలుగైదు మందాలున్న పాఠ్య అక్షరాన్ని అడగాలి. దానిని తెర మీద చూసి ఆమోదించకుండా, సిరా కాస్త పాకే న్యూస్‌ప్రింట్ మీద అచ్చు వేసి చూడాలి. మీ ఆదివారం అనుబంధంలో ఒకే పేరాను మూడు నాలుగు ఫాంట్లలో, ఒకే సైజులో ప్రచురిస్తే పాఠకులే తమ అభిప్రాయం రాసి పంపుతారు.

భవదీయుడు,
ఒక డీటీపీ ఉద్యోగి,
విజయవాడ