అచ్చమాంబ గారు ఒక్క మార్కు ప్రశ్న కాదు

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్న మా వీధిలో తొమ్మిదో తరగతి చదివే పాప ఏడుపు మొహంతో మా ఇంటికొచ్చింది. బడిలో క్విజ్ పెట్టారట. తెలుగులో తొలి కథ ఏది అన్న ప్రశ్నకు ‘ధనత్రయోదశి’ అని రాస్తే, ఎర్ర ఇంకుతో కొట్టేసి పక్కన ‘దిద్దుబాటు’ అని వేశారు. కాగితం నా ఒళ్లో పెట్టి ‘నాది తప్పా అమ్మమ్మా?’ అంది. తప్పు కాదమ్మా అన్నాను. భండారు అచ్చమాంబ గారి ఆ కథ 1902లో ‘హిందూ సుందరి’ పత్రికలో వచ్చింది. గురజాడ వారి ‘దిద్దుబాటు’ 1910 నాటిది. ఆధునిక కథ లక్షణాలు దేనిలో ఉన్నాయన్నది పెద్దలు తేల్చుకోవాల్సిన చర్చ. దానికి పిల్లల మార్కులు కొయ్యడం ఏం న్యాయం?

అయితే నా అసలు బాధ అది కాదు. ‘ఆవిడ గురించి ఇంకేం తెలుసు?’ అనడిగితే పాప కాసేపు ఆలోచించి ‘కొమర్రాజు లక్ష్మణరావు గారి అక్క’ అంది. తెలుగులో విజ్ఞాన సర్వస్వం తలపెట్టిన పండితుడాయన. ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, ఆ జవాబు విని సిగ్గుపడ్డాను. మేం చెప్పింది అంతే మరి!

పదేళ్లకే పెళ్లై, బడి ముఖం చూడని మనిషి ఆవిడ. తన దగ్గరుండి చదువుకుంటున్న తమ్ముడి దగ్గరే తెలుగు, హిందీ నేర్చుకున్నారు. కన్న బిడ్డలిద్దరినీ పోగొట్టుకున్నారు. అంత దుఃఖంలోనూ కూర్చుని ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అనే స్త్రీల జీవిత చరిత్రల పుస్తకం రాశారు. స్త్రీలు బలహీనులనీ, తెలివిలేనివాళ్లనీ, చదివితే చెడిపోతారనీ అనేవాళ్లకు ఒక్కొక్క స్త్రీ జీవితాన్నీ సాక్ష్యంగా తెచ్చి జవాబు చెప్పారు. ఇంకా రెండు భాగాలు తలపెట్టారు, పురాణ స్త్రీల మీద ఒకటి, విదేశీ స్త్రీల మీద ఒకటి. అవి పూర్తికాకుండానే 1905లో, ముప్పై ఏళ్లకే కన్నుమూశారు. ఈలోగానే 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబ గారితో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టారు. ఆడవాళ్లు నలుగురు ఒకచోట కూర్చోవడమే గగనమైన రోజులవి.

ఇదంతా వదిలేసి, ‘మొదటి కథ ఎవరిది’ అన్న తగువు వచ్చినప్పుడు మాత్రమే ఆవిడ పేరు బయటికి తీస్తున్నాం.

రెండు రాష్ట్రాల పాఠ్యపుస్తకాలు తయారుచేసేవారికి నా విన్నపం ఒక్కటే. రత్నమాల పీఠికలోంచి రెండు పేజీలు తొమ్మిదో తరగతికి పాఠంగా పెట్టండి. భాష కష్టమంటే కింద అర్థాలివ్వండి. అలాగే పెనుగంచిప్రోలుకు తిరుపతమ్మ దర్శనానికి వేలమంది వస్తుంటారు. అచ్చమాంబ గారు పుట్టిన ప్రాంతమే కదా, అక్కడ ఆవిడ పేరుతో ఒక చిన్న గ్రంథాలయం కడితే బాగుంటుంది.

నా దగ్గరున్న రత్నమాల ప్రతిని ఆ పాపకే ఇచ్చాను. గ్రాంథికం కావడంతో తడబడుతోంది. అందుకే రోజూ సాయంత్రం మా అరుగు మీద ఇద్దరం కలిసి ఒక పేజీ చదువుతున్నాం. నిన్నటికి పీఠిక అయిపోయింది.

— ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని, ఖమ్మం