అన్నం పడదని జన్యువు చెప్పిందట!

సంపాదకుడికి,

మా వీధిలో ఒక పెద్దాయన ఈమధ్య అన్నం మానేశారు. ఉమ్మి నమూనా పంపితే ఒక కంపెనీ ఇచ్చిన జన్యు పరీక్ష రిపోర్టులో ‘పిండి పదార్థం అరిగించుకునే శక్తి తక్కువ’ అని వచ్చిందట. దాంతోపాటే డైట్ చార్టు: అన్నం బదులు రాగి సంకటి, జొన్న రొట్టె, ఓట్స్. వాటిలోనూ ఎక్కువగా ఉండేది పిండి పదార్థమే, అన్నాన్ని అరిగించే అమైలేజ్ ఎంజైమే వాటినీ అరిగించాలి. చార్టు రాసినవాళ్లకు ఇది తెలియదనుకోవాలా?

నోట్లో అమైలేజ్ పని కాసేపే, పొట్టలోని ఆమ్లం దాన్ని చాలావరకు ఆపేస్తుంది. అసలు పని చిన్నపేగులో, క్లోమం పంపే అమైలేజ్‌ది. ఆరోగ్యంగా ఉన్న క్లోమం దాన్ని అవసరానికి మించే తయారుచేస్తుంది. అమైలేజ్‌ను తయారుచేయించే జన్యువులన్నీ ఒకటో క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉంటాయి: లాలాజలానికి ఏఎంవై1, క్లోమానికి ఏఎంవై2ఏ, ఏఎంవై2బి. ప్రచారమంతా ఏఎంవై1 గురించే. దాని కాపీలు కొందరిలో రెండు మూడే, కొందరిలో పదికి పైనే. కాపీలు తక్కువైతే ఊబకాయం వస్తుందని 2014లో ‘నేచర్ జెనెటిక్స్’లో ఒక అధ్యయనం వచ్చిన మాట నిజమే. మరుసటి ఏడాది అదే పత్రికలో ఇంకో బృందం కాపీలను మరింత కచ్చితంగా లెక్కపెట్టి, అలాంటి సంబంధం కనబడలేదని తేల్చింది. అమ్మేవాళ్ల చదువు మాత్రం 2014 దగ్గరే ఆగింది. పైగా ఒకేలాంటి కాపీలు వరసగా ఉండే చోట ఎన్నున్నాయో, జన్యువుల్లో ముందే ఎంచుకున్న కొన్ని చోట్లనే చూసే మామూలు చిప్ పరీక్షలో నమ్మకంగా తేలదు.

కడుపునొప్పికి డాక్టరు రాసే రక్తంలో అమైలేజ్ పరీక్ష వేరు. అది క్లోమం వాచిందేమో చూడటానికి.

డబ్బు పోతే పోయింది. పెద్దాయన సుగర్ మాత్రలు ఎప్పటిలాగే వేసుకుంటూ తిండి సగానికి తగ్గించారు. ఒకరోజు చెమటలు పట్టి, కాళ్లు వణికి కూలబడ్డారు. ఇంట్లోవాళ్లు పంచదార నీళ్లు తాగించాకే తేరుకున్నారు.

ఏ జన్యువును, ఏ పద్ధతిలో, ఎంత కచ్చితంగా లెక్కించారో రిపోర్టు మొదటి పేజీలోనే తెలుగులో రాయాలని ప్రభుత్వం నిబంధన పెట్టాలి. మందులు వాడేవారికి డాక్టరు సంతకం లేకుండా డైట్ చార్టు ఇవ్వనివ్వకూడదు. పత్రికలు కూడా ఈ ప్యాకేజీల ప్రకటనలను ఆరోగ్య వ్యాసాల్లా కనబడేలా వేయకుండా, పైన ‘ప్రకటన’ అని పెద్ద అక్షరాల్లో ముద్రించాలని కోరుతున్నాను.

– విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు, తెనాలి