వారంటీ లేదంటే, ఎందుకు లేదో రాసివ్వాలి

సంపాదకులకు,

మాది కోదాడ. ఇరవై రెండేళ్లుగా లారీ లైన్లోనే ఉన్నాను. మొదట క్లీనర్‌ని, తర్వాత డ్రైవర్‌ని, 2021 నుంచి ఒక 12 టైర్ల బండికి ఓనర్ని. మేళ్లచెరువు, మఠంపల్లి సిమెంటు ఫ్యాక్టరీల నుంచి హైదరాబాద్‌కు లోడు తోలతాం. ఒక ట్రిప్పు నేను, ఒక ట్రిప్పు మా మేనల్లుడు. లారీల పొగ గురించి మీ పత్రికలో వచ్చిన వార్త చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. పొగ తగ్గించే సామాను పీకేయిస్తున్న ఓనర్లను అందులో తప్పుబట్టారు. ఆ తప్పు నేను చేశాను. ఎందుకు చేశానో, చేశాక ఏం జరిగిందో నాలాంటి ఒంటి బండి ఓనర్లకు తెలియాలి.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో అమ్మే కొత్త బండ్లన్నీ బీఎస్-6, అంటే పొగ మీద సర్కారు పెట్టిన కఠినమైన పరిమితులకు తగ్గట్టు చేసినవి. పాత బండికి సైలెన్సర్ ఒక ఖాళీ డబ్బాలాంటిది. ఇప్పుడు అందులో మసిని పట్టుకునే డీపీఎఫ్ ఉంటుంది. ఆ తర్వాత యాడ్‌బ్లూ చల్లే నాజిల్ ఉంటుంది. నూటికి 32.5 పాళ్లు యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీళ్లు, అదే యాడ్‌బ్లూ. పొగలో ఉండే నైట్రోజన్ ఆక్సైడ్లను అది మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మార్చేస్తుంది. డీపీఎఫ్ మసితో నిండినప్పుడు ఇంజిన్ అదనంగా డీజిల్ పంపి, సైలెన్సర్‌ను 600 డిగ్రీల దాకా వేడెక్కించి ఆ మసిని కాల్చేస్తుంది. హైవే మీద ఆగకుండా పోయే బండిలో ఈ పని డ్రైవర్‌కు తెలియకుండానే అయిపోతుంది.

మా బండి అలా పోయేది కాదు. ఫ్యాక్టరీ గేటు ముందు లైన్లో ఐదారు గంటలు ఇంజిన్ ఆన్‌లో ఉంచి, బండి బండికి జరుపుకుంటూ పోవాలి. సిటీలోకి పగలు ఎంట్రీ దొరకదు, రాత్రి దాకా ఊరి బయట ఆగాలి. మసి నిండుతుంది గానీ కాలే సమయం దొరకదు. దానికితోడు పసుపు లైటు వెలిగి ఇంజిన్ దానంతట అదే రేజ్ అవుతుంటే, ఏదో పాడైందనుకుని మా మేనల్లుడు ఆపేసేవాడు. అది మసి కాలే టైమని, అప్పుడు ఆపకూడదని వాడికి గానీ నాకు గానీ ఎవరూ చెప్పలేదు. బండి ఇచ్చిన రోజు షోరూంలో ఒక బుక్కు చేతిలో పెట్టారు. అందులో తెలుగు ముక్క ఒక్కటి లేదు. ఆ లైటుకు అర్థమేమిటో ఒక కాగితం మీద తెలుగులో రాసి క్యాబిన్లో అతికించి ఉంటే ఈ ఉత్తరం రాసే పనే ఉండేది కాదని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను.

2024 ఎండాకాలంలో పికప్ బాగా పడిపోయింది. లోడుతో చిన్న ఎత్తు కూడా ఎక్కేది కాదు. మూడుసార్లు సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాను. ల్యాప్‌టాప్ పెట్టి మసి కాల్చి పంపేవాళ్లు. పది పన్నెండు రోజులకు మళ్లీ అదే లైటు. నాలుగోసారి వెళ్తే డీపీఎఫ్ మార్చాలి, లక్షా అరవై వేలు అవుతుందన్నారు. ఆరేళ్లు, లేదా ఆరు లక్షల కిలోమీటర్ల వారంటీ ఉంది కదా సార్ అంటే, మసి నిండడం మీరు నడిపే తీరు వల్ల, అది వారంటీలోకి రాదన్నారు. పైగా పార్టు రావడానికి ఇరవై రోజులు పడుతుందట. నెలకు 71 వేల కిస్తీ కట్టేవాడికి ఇరవై రోజులు బండి నిలబడితే ఏమవుతుందో లైన్లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఆ టెన్షన్‌లో తోటి ఓనరు ఒకాయన నంబర్ ఇస్తే ఒక షెడ్డుకు పోయాను. 38 వేలు, ఒక పూట పని. సైలెన్సర్ కోసి, లోపలి తేనెపట్టులాంటి దిమ్మలన్నీ తీసేసి, మళ్లీ వెల్డింగ్ పెట్టారు. వైరింగ్‌కు అగ్గిపెట్టెంత డబ్బా తగిలించారు. యాడ్‌బ్లూ పడకపోయినా పడుతోందని అది ఈసీఎంను, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌ను నమ్మిస్తుంది. లైట్లు ఆరిపోయాయి, పికప్ తిరిగొచ్చింది. నూరు లీటర్ల డీజిల్‌కు ఐదు లీటర్ల చొప్పున పోసే యాడ్‌బ్లూ ఖర్చు కూడా మిగిలింది. ఆ తర్వాత పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా వచ్చింది. డీజిల్ బండికి ఆ పరీక్షలో పొగ ఎంత నల్లగా ఉందో చూస్తారు తప్ప నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవరు. అంతకుముందున్న బీఎస్-4 లారీ ఇంజిన్‌కు కిలోవాట్ అవర్‌కు 3.5 గ్రాములున్న ఆ వాయువుల పరిమితిని బీఎస్-6లో 0.46కు దించారు. అంత కష్టపడి తగ్గించిన విషాన్ని నేను మళ్లీ రోడ్డు మీదకు వదిలాను. గేటు లైన్లో బండ్ల పక్కనే స్టవ్ పెట్టుకుని వండుకుని తినేది మా డ్రైవర్లే. ఆ పొగ ముందు పీల్చింది మావాళ్లే.

షెడ్డువాళ్లు సామాను తీశారు గానీ ఈసీఎంలో ప్రోగ్రాం సరిగా మార్చలేదని నాకు తర్వాత తెలిసింది. డీపీఎఫ్ లేకపోయినా ఇంజిన్ మసి కాల్చే పని మానలేదు. అందుకోసం సిలిండర్లోకి ఆలస్యంగా అదనపు డీజిల్ కొడుతుంది. దాన్ని మండించాల్సిన దిమ్మ సైలెన్సర్లో లేదు. వేడెక్కలేదని మళ్లీ కొడుతుంది. ఆ డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల వెంట కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌లో కలిసి దాన్ని పలచన చేస్తుంది.

డిసెంబర్‌లో ఒక తెల్లవారుజామున, లోడు ఎక్కాక, ఇంజిన్ ఆయిల్ చూసే గేజి పుల్ల బయటికి తీసి టార్చి వెలుగులో చూశాను. ఆయిల్ పై గీత దాటి రెండు వేళ్ల ఎత్తున ఉంది. నేను పోయించింది గీత దాకానే. పుల్ల మీది చుక్క నీళ్లలా జారిపోయింది. వేళ్ల మధ్య రుద్దితే జిగట లేదు, ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిల్ వాసన. "మంచిదే కదా మామా, ఆయిల్ తాగట్లేదు" అన్నాడు మేనల్లుడు. నాకు అనుమానం వచ్చింది. కానీ లోడు దింపి వచ్చాక ఆయిల్ మార్పిద్దాంలే అనుకున్నాను. చిట్యాల దాటాం, పంతంగి టోల్‌గేటు ఇంకా రాలేదు. కింద నుంచి టకటకమని చప్పుడు, వెంటనే ఆయిల్ లైటు, పక్కకు తీసేలోపే ఇంజిన్ పట్టేసింది. మీటర్‌లో 2,87,000 కిలోమీటర్లు.

సర్వీస్ సెంటర్‌లో ఇంజిన్ విప్పితే బేరింగులు అరిగి క్రాంకుకు అతుక్కుపోయి ఉన్నాయి. టర్బో కూడా పోయింది. అన్నీ కలిపి ఆరు లక్షల 80 వేలని ఎస్టిమేట్ ఇచ్చారు. ఇంజిన్ డబ్బు కంపెనీని అడగడం లేదు. సామాను నేను పీకేయించాను, దానివల్లే ఇంజిన్ పోయింది, ఆ నష్టం నేనే భరించాలి. ఇంట్లో బంగారం కుదువ పెట్టి ఇంజిన్ చేయించాను. డీపీఎఫ్, యాడ్‌బ్లూ సామాను కూడా మళ్లీ ఎక్కించాను.

నా గొడవ గేర్‌బాక్సు గురించి. నాలుగో గేరు జారుతోందని, సైలెన్సర్ కోయించకముందే జాబ్ కార్డు మీద రాయించాను. ఇంజిన్ విషయం బయటపడగానే ఆ గేర్‌బాక్సు వారంటీ కూడా లేదన్నారు. ఎందుకని అడిగితే సిస్టంలో బ్లాక్ అయిందన్నారు. ఆ మాట కూడా ఫోన్‌లోనే. రాసివ్వమంటే రాసివ్వరు. ఈసీఎంలో ఏం రికార్డయిందో ప్రింటు ఇవ్వమంటే ఇవ్వరు. పాత బేరింగులు చూపించమని పోతే అప్పటికే స్క్రాపులో వేసేశామన్నారు. సైలెన్సర్‌కూ గేర్‌బాక్సుకూ సంబంధం ఏమిటో ఒక్క ఇంజనీరు చెప్పినా నేను ఒప్పుకుంటాను.

వారంటీ కాదన్నప్పుడు, ఏ పార్టు ఏ కారణంతో పోయిందో, ఆ కారణానికీ ఓనరు చేసిన మార్పుకూ సంబంధం ఏమిటో, ఫొటోలతో, ఈసీఎం ప్రింటుతో రాసివ్వాలనే నిబంధన పెట్టమని కేంద్ర రవాణా శాఖను మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. ఓనరు చూసి సంతకం పెట్టేదాకా పాత పార్టులు పారేయకూడదు. మార్పు చేసిన ఓనరుకు చట్టంలో శిక్ష ఉంది. 2019 సవరణ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. నాకు పడినా కాదనను. కానీ కోసిన షెడ్డును కూడా పట్టుకోవాలి కదా!

లారీ అంటే వ్యాపారం, మీకు వినియోగదారుల కమిషన్ వర్తించదని కొందరు భయపెట్టారు. వకీలును అడిగితే, సొంతంగా పనిచేసుకుని బతకడం కోసమే కొనుక్కున్నవాడు 2019 చట్టం ప్రకారం వినియోగదారుడే అన్నారు. అయితే రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలట. నాలాగే చిక్కుకున్నవాళ్లు ఆ గడువు దాటనివ్వొద్దు.

గేర్‌బాక్సు జాబ్ కార్డు కాపీ నా దగ్గర ఉంది, దాని మీద తేదీ ఉంది, వాళ్ల స్టాంపు ఉంది. రిజిస్టర్డ్ పోస్టులో రెండు లెటర్లు పెట్టాను. ఇంకా జవాబు రాలేదు. నాలుగో గేరు ఇప్పటికీ జారుతూనే ఉంది.

ఇట్లు,
ఒక లారీ ఓనరు,
కోదాడ, సూర్యాపేట జిల్లా