సొంత నమూనా రైఫిళ్లు, దొరకని స్పేర్లు: మా దుకాణంలో మారిన పద్ధతి

మా దగ్గర రైఫిల్ కొన్నవారికి, మరమ్మతుకు ఇచ్చినవారికి, కొనాలని వచ్చి మాట్లాడి వెళ్లినవారికి నమస్కారం.

ఈ నెల నుంచి మేము ఖరీదైన రైఫిల్ ఏది అమ్మినా దానితోపాటు ఒక కాగితం ఇస్తాము. ఆ రైఫిల్‌లో ఏ భాగాలు తయారీదారు సొంత నమూనావై, ఆ తయారీదారు దగ్గర తప్ప మరెక్కడా దొరకవో, ఏవి వేరే కంపెనీలవైనా సరిపోతాయో, వాటిలో ఏవి మా సొరుగులో ఇప్పటికే ఉన్నాయో అందులో రాసి ఉంటుంది. ఇన్నేళ్లుగా ఈ పని చేయకపోవడం నా తప్పు. ఆ తప్పు నాకు ఎలా తెలిసివచ్చిందో దాచకుండా చెప్పడానికే ఈ ఉత్తరం.

అయిదు నెలల కిందట మాకు బాగా పరిచయమున్న షూటర్ ఒకరు తన రైఫిల్ తీసుకువచ్చారు. పేల్చిన తర్వాత బోల్ట్ (తూటా వెనక తలుపులా మూసుకునే కడ్డీ) వెనక్కి లాగితే ఖాళీ కేసు, అంటే తూటా తొడుగు, బయటికి రావడం లేదు. బ్యారెల్ మూతి నుంచి క్లీనింగ్ రాడ్ దూర్చి నెడితే తప్ప ఊడటం లేదు. బోల్ట్ తీసి దీపం కింద పెట్టి భూతద్దంతో చూస్తే, ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం అంచున నువ్వుగింజంత ముక్క విరిగిపోయి కనిపించింది. కేసు అంచును పట్టి లాగాల్సింది ఆ కొక్కెమే. స్పేరు చేతిలో ఉంటే పది నిమిషాల పని. ఆ స్పేరు కోసమే అయిదు నెలలుగా ఎదురుచూస్తున్నాము.

తయారీదారు మధ్యలో ఎప్పుడో బోల్ట్ తల ఆకారం మార్చారు. ఇప్పుడు చేస్తున్న ఎక్స్‌ట్రాక్టర్ పాత తలలో కూర్చోదు, పాతది తయారు చేయడం మానేశారు. మొత్తం బోల్ట్ పంపితే కొత్త తల అమర్చి ఇస్తామన్నారు. కాని బోల్ట్ దేశం దాటాలంటే చాలా చోట్ల ఎగుమతి, దిగుమతి అనుమతులు రెండూ కావాలి, ఆ కాగితాలు కదిలే వేగం మన చేతిలో ఉండదు. బోల్ట్ తలను కోసి వేరే రకం ఎక్స్‌ట్రాక్టర్ అమర్చే పద్ధతి లేకపోలేదు. అయితే ఈ రైఫిల్‌లో అందుకోసం లాకింగ్ లగ్ దగ్గర లోహం తీయాల్సి వస్తుంది. పేలినప్పటి పీడనాన్ని ఆపేది ఆ లగ్గే కనుక నేను ఆ పనికి ఒప్పుకోలేదు, ఇకమీదట కూడా ఒప్పుకోను.

నన్ను ఎక్కువగా బాధించింది మరొకటి. కొనే రోజున ఆయన స్పేర్ల గురించి నన్ను అడిగారు. "ఇంత పేరున్న కంపెనీ అండీ, స్పేర్ల గురించి మీకు దిగులెందుకు?" అన్నాను. తెలుసుకుని చెప్పిన మాట కాదది, అమ్మకం జరగాలన్న తొందరలో వచ్చిన మాట.

పేరుకూ స్పేర్లకూ ఉన్న సంబంధం మనం అనుకునేంత గట్టిది కాదు. రెమింగ్టన్ 700 మోడల్ 1962లో వచ్చింది. ఆ కంపెనీ 2018లో ఒకసారి, 2020లో మరోసారి దివాలా రక్షణ కోరింది, రెండోసారి ముక్కలుగా అమ్ముడుపోయింది. అయినా ఆ రైఫిల్ ఉన్నవారు స్పేర్లు లేక చేతులు కట్టుకుని కూర్చోలేదు. దాని రిసీవర్ (బోల్ట్ కదిలే మధ్య భాగం) అడుగు భాగం కొలతలకు సరిపోయే స్టాక్‌లు (భుజానికి ఆన్చే భాగాలు), వాటి బదులు వాడే లోహపు ఛాసిస్‌లు, ట్రిగ్గర్లు ఎన్నో కంపెనీలు చేస్తున్నాయి. కొత్తగా వచ్చిన ఖరీదైన యాక్షన్లలో (రిసీవర్, బోల్ట్ కలిసిన జతల్లో) చాలావాటిని కూడా అదే కొలతల మీద కడుతున్నారు. తూటాలు నింపే పెట్టెల, అంటే మ్యాగజైన్ల, విషయమూ ఇలాంటిదే. ఏఐసీఎస్ అని మనం పిలిచేది మొదట ఆక్యురసీ ఇంటర్నేషనల్ వారు తమ ఛాసిస్ కోసం చేసుకున్న సొంత నమూనా. ఇతరులు కూడా దాన్ని చేయడం మొదలుపెట్టాక బోల్ట్ రైఫిళ్లకు అది ఉమ్మడి కొలత అయింది. కాబట్టి ఒక భాగం ఎవరి నమూనా అన్నదానికన్నా, ఇప్పుడు దాన్ని ఎంతమంది చేస్తున్నారన్నదే నేను ముందు చూస్తాను.

ఇలా అన్నానని సొంత నమూనా రైఫిళ్లను తీసిపారేస్తున్నానని అనుకోవద్దు. బ్లేజర్ ఆర్8 లాంటి స్ట్రెయిట్ పుల్ (బోల్ట్‌ను తిప్పకుండా నేరుగా లాగే) రైఫిల్‌లో ముందు స్టాక్ కింద ఉన్న రెండు స్క్రూలు విప్పితే బ్యారెల్ చేతిలోకి వస్తుంది, స్కోప్ తీసి మళ్లీ పెట్టినా గురి చెదరదు. బ్యారెల్, మౌంట్, బోల్ట్ అన్నీ ఒకరి కొలతల కింద తయారైతేనే అంత పొందిక సాధ్యం. దానికి చెల్లించే మూల్యం కూడా అక్కడే ఉంది: 1993లో వచ్చిన ఆర్93 బ్యారెల్, 2008లో వచ్చిన ఆర్8కు సరిపోదు. సాకో టీఆర్‌జీ మ్యాగజైన్ కూడా దాని సొంతమే. ఏఐసీఎస్ మ్యాగజైన్ అందులో పెట్టలేరు. నచ్చి కొనుక్కునేవారికి ఇవి అడ్డంకులు కావు, ముందే తెలియాలి, అంతే. అన్నట్టు, ఏఆర్-15 రకం రైఫిల్ భాగాలు ఏ కంపెనీవైనా ఒకదానికొకటి సరిపోతున్నాయి కదా అని 308 తూటా కొలతలోని పెద్ద రకం కూడా అలాగే ఉంటుందనుకునేవారు ఇంకా వస్తున్నారు. అందులో ఉమ్మడి ప్రమాణమే లేదు. ఏ కంపెనీ భాగం దేనికి సరిపోతుందో కొనేముందే చూసుకోవాలి.

ఏ భాగాలు అరుగుతాయన్నదే అసలు లెక్క. స్టాక్ అరగదు కనుక అది ఎంత ప్రత్యేకమైనదైనా నేను పట్టించుకోను. బ్యారెల్ మాత్రం తప్పకుండా అరుగుతుంది. గురి పోటీల లెక్కన 308 విన్చెస్టర్ తూటా వాడే బ్యారెల్ సుమారు 5,000 తూటాల దాకా, 6.5 క్రీడ్‌మూర్ తూటా వాడేది 2,000 నుంచి 3,000 దాకా వస్తుంది. వేగం ఎక్కువున్న 6 మిల్లీమీటర్ల రకాలు ఇంకా ముందే అలిసిపోతాయి. పోటీల్లో ఆడేవారికి ఇది ఏడాదో రెండేళ్లో ఆగే సరుకు. ఏడాదికి వంద తూటాలు కాల్చేవారు బతికినంత కాలం ఒకే బ్యారెల్‌తో గడిపేయవచ్చు కనుక, బ్యారెల్ సొంత నమూనాదా కాదా అన్నది వారికి దాదాపు అప్రస్తుతం. రిసీవర్ మరలు, హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కూ తూటా కూర్చునే చోటుకూ మధ్య దూరం) కొలతలు బయట తెలిసినవైతే మంచి గన్‌స్మిత్ ఎవరైనా కొత్త బ్యారెల్ కోసి బిగించగలరు. బ్యారెల్ చివర ప్రత్యేకమైన లాకింగ్ ఏర్పాటు ఉంటే మాత్రం తయారీదారు దగ్గర వరుసలో నిలబడక తప్పదు.

చిన్న భాగాలకు ఈ తేడా వర్తించదు. తూటాను పొడిచి పేల్చే ఫైరింగ్ పిన్, దాని స్ప్రింగ్, ఎక్స్‌ట్రాక్టర్, ఖాళీ కేసును బయటికి విసిరే ఎజెక్టర్ స్ప్రింగ్ ఎవరి రైఫిల్‌లోనైనా ఎప్పుడో ఒకప్పుడు ఇబ్బంది పెడతాయి. మ్యాగజైన్ పెదవులు (తూటాను పట్టి ఉంచే పై అంచులు) ఒకసారి గట్టినేల మీద పడితే చాలు, వంకరపోతాయి. స్కోప్ బిగించే రైలు (గాళ్లున్న పట్టీ) గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు, 1995 నాటి పికటినీ ప్రమాణం ఉన్నదైతే చాలు. మ్యాచ్ ఎయిర్ రైఫిల్ (పోటీల్లో వాడే గాలి రైఫిల్) వాడేవారు దాని గాలి సిలిండర్ మీది తేదీ చూసుకోవాలి. తయారీదారులు సాధారణంగా పదేళ్ల గడువు పెడతారు, సిలిండర్‌ను బిగించే మరలు కంపెనీని బట్టి మారతాయి. అంటే పదేళ్ల తర్వాత కూడా ఆ సిలిండర్ దొరుకుతుందా అన్నది కొనే రోజే అడగాల్సిన ప్రశ్న.

ఇకపై సొంత నమూనా రైఫిల్ అమ్మేటప్పుడు ఫైరింగ్ పిన్ అసెంబ్లీ ఒకటి, ఎక్స్‌ట్రాక్టర్ దాని స్ప్రింగ్‌తో సహా ఒకటి, అదనపు మ్యాగజైన్ ఒకటి అదే రోజు కొనమని అడుగుతాము. అవి మా దగ్గరగాని, మాకు పంపే పంపిణీదారు దగ్గరగాని లేకపోతే ఆ రైఫిల్‌కు ఆర్డరే తీసుకోము. పాత నమూనా ఆపేసినప్పుడు దాని స్పేర్లు ఎన్నాళ్లు ఇస్తారో రాతపూర్వకంగా చెప్పమని తయారీదారులకు ఉత్తరాలు రాశాము. జవాబు రాని రెండు మోడళ్లను అల్మరా నుంచి తీసేశాము. అందులో ఒకటి మా దగ్గర బాగా అమ్ముడుపోయేదే. దానికోసం వచ్చి వేరే దుకాణానికి వెళ్లినవారిని నేను తప్పుపట్టను.

ఇప్పటికే మా దగ్గర కొన్నవారికి కూడా ఈ కాగితం రాసి ఇస్తాము. రైఫిల్ సీరియల్ నంబరు తెస్తే చాలు, బోల్ట్ ఏ తరం నాటిదో అందులోంచే తెలుసుకోవచ్చు. ఇక నేను చెప్పిన ఆ రైఫిల్ సంగతి: బోల్ట్‌కు ఎగుమతి అనుమతి పోయిన వారం వచ్చింది, రెండోది రావాలి. అది తిరిగి వచ్చేదాకా మా సొంత రైఫిల్ ఒకటి మా రేంజ్‌లో వాడుకోవడానికి ఆయనకు ఇచ్చాము. మరమ్మతు ఖర్చు పూర్తిగా మాదే.