ఐదేళ్ళకి రెండు రోజులు, అవి కూడా శాలువాలకే సరిపోయాయి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి ఒక మందుల షాపు ఫార్మసిస్టు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం సార్.

మీకు రాయడం ఇది నాలుగోసారి. మొదటి రెండు ఉత్తరాలూ రిజిస్టర్ పోస్టులో పంపాను, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డులు వెనక్కొచ్చాయి, వాటి మీద ఎవరిదో సంతకం, స్టాంపు ఉన్నాయి కాబట్టి మీ చేతి దాకా కాకపోయినా మీ బిల్డింగ్ దాకా అయితే చేరాయి. మూడోది గ్రీవెన్స్‌లో ఇచ్చాను. పది రోజులకి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించబడింది అని. ఏం పరిష్కరించారో ఒక్క ముక్క చెప్తే నేనూ సంతోషపడేవాణ్ణి కదా సార్. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నా, మర్యాద తప్పితే క్షమించండి, తప్పకుండా ఉండటానికే ప్రయత్నిస్తాను.

విషయం మళ్ళీ అదే, రిఫ్రెషర్ కోర్సులు. 2015 ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్‌లో ఏముందో మీకు నేను చెప్పక్కర్లేదు, ఐదేళ్ళలో కనీసం రెండు కోర్సులు, ఒక్కోటి కనీసం ఒక రోజు, లేకపోతే మా ఫార్మసిస్టు రిజిస్ట్రేషన్‌కి రెన్యూవల్ లేదు. నాకు ఆ రూలు మీద కోపం లేదు సార్, ఆ మాట ముందే చెప్తున్నా. డాక్టర్లకి ఐదేళ్ళకి 30 గంటల క్లాసులు పెట్టారు, మాకు రెండు రోజులే పెట్టారు, నన్నడిగితే అది చాలా తక్కువ. నా గోడంతా ఆ రెండు రోజుల్లో మాకు ఏం చెప్తున్నారు అన్నదాని గురించే.

మొన్నటి కోర్సు సంగతి చెప్తాను, కొంచెం పొడుగే, ఓపిక పట్టండి. మాది మండల కేంద్రం. కోర్సు పెట్టింది పక్క జిల్లాలో ఒక కాలేజీలో, బుధవారం నాడు. బుధవారం మా ఊళ్ళో సంత. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళందరూ నెలకి సరిపడా బీపీ బిళ్ళలు, షుగరు బిళ్ళలు ఆ రోజే పట్టుకెళ్తారు. షాపు తెరవాలంటే లోపల ఫార్మసిస్టు ఉండాలి, ఫార్మసిస్టు కోర్సుకి పోవాలంటే షాపు ముయ్యాలి. నేను మూసేశాను. మా బజార్లో మూసింది నేనొక్కణ్ణే, మిగతా వాళ్ళు కుర్రాళ్ళని కూచోబెట్టి వచ్చారు, నాకంటే తెలివైన వాళ్ళు. తెల్లవారుజామున ఐదింటి బస్సెక్కి మధ్యలో ఇంకోటి మారి తొమ్మిదింటికల్లా అక్కడున్నాను.

రిజిస్ట్రేషన్ దగ్గర క్యూ. సర్టిఫికెట్ జిరాక్స్, ఆధార్ జిరాక్స్, రెండు ఫొటోలు, ఫీజు. అవి ఇచ్చాక ఒక ఫైలు, ఒక పెన్ను, భోజనం కూపను ఇచ్చారు. కూపను పోగొట్టుకోవద్దని మూడుసార్లు చెప్పారు, ఆ రోజు మొత్తం మీద మాకు జరిగిన కౌన్సెలింగ్ అదొక్కటే. ముఖ్య అతిథి గారు పదకొండున్నరకి దయచేశారు. జ్యోతి వెలిగించడం, ప్రార్థన, శాలువాలు. వేరే పనేం లేదు కదా అని శాలువాలు లెక్కపెట్టాను సార్, తొమ్మిది. ఫార్మసిస్టు లేనిదే వైద్యం లేదని ఒకరు, డాక్టరుకీ పేషెంటుకీ మధ్య వారధి మీరేనని ఇంకొకరు చెప్పారు. పన్నెండున్నరకి మొదటి క్లాసు, నానో పార్టికల్స్ మీద. చెప్పిన అమ్మాయి పీహెచ్‌డీ చేస్తోందట, బాగా చదువుకున్న పిల్ల, ఆమె తప్పేం లేదు, ఆమె రిసెర్చి చెప్పమన్నారు చెప్పింది. రెండో క్లాసు ఫార్మా ఇండస్ట్రీలో ఉద్యోగావకాశాలు. నాకు 49 ఏళ్ళు సార్.

భోజనాలయ్యాక హాల్లో సగం మంది లేరు. చివర్లో డౌట్లుంటే అడగండి అన్నారు. నేను లేచి, వారానికోసారి వేసుకోవాల్సిన మందు పొరపాటున రోజూ వేసుకున్న పేషెంటు మా దగ్గరికి వస్తే మేం ముందు ఏం చెయ్యాలండీ అని అడిగాను. వెరీ గుడ్ క్వశ్చన్, టీ బ్రేక్‌లో మాట్లాడుకుందాం అన్నారు. టీ బ్రేక్‌లో టీ ఉంది, ఆయన లేరు.

సాయంత్రం సర్టిఫికెట్ల టేబుల్ దగ్గర ఒకాయన ఐదు సర్టిఫికెట్లు తీసుకుని బ్యాగులో పెట్టుకున్నాడు, మనిషి మాత్రం ఒక్కడే. ఆ ఐదుగురిలో ఒకతను బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నాడని నాకు తెలుసు, అతని డి.ఫార్మసీ సర్టిఫికెట్ మాత్రం ఇక్కడో షాపులో నెలకింతని అద్దెకి గోడకి వేలాడుతోంది. ఆ రోజు అతని నాలెడ్జ్ కూడా నాతో సమానంగా రిఫ్రెష్ అయిందన్నమాట. అతనికి బస్సు ఛార్జీలు కూడా మిగిలాయి.

ఆ ప్రశ్న ఊరికే అడగలేదు సార్. మా ఊళ్ళో ఒక మామ్మగారు ఉన్నారు, కీళ్ళవాతం. సిటీలో పెద్ద డాక్టరు గారు మెథోట్రెక్సేట్ రాశారు, ఆదివారం ఆదివారం ఒకటి. మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్. చీటీ నా దగ్గరికే వచ్చింది, మందులు నేనే ఇచ్చాను. రెండూ పసుపు రంగు బుల్లి బిళ్ళలే. ఇది వారానికోసారి, ఇది రోజూ అని నోటితో చెప్పాను, ఆవిడ తలూపారు, వెనకాల ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు, అయిపోయింది. స్ట్రిప్ మీద పెన్నుతో రాయలేదు. తొమ్మిదో రోజు వచ్చి, నోరంతా పూసింది బాబూ గంజి కూడా దిగట్లేదు, బీ కాంప్లెక్స్ ఇవ్వు అన్నారు. నోరు పూస్తే బీ కాంప్లెక్స్ అని ఈ కౌంటర్ వెనక ఇరవై ఏళ్ళుగా ఇస్తూనే ఉన్నాం కదా, చెయ్యి దానంతటదే వెళ్ళింది, స్ట్రిప్ తీశాను, కత్తెరతో నాలుగు బిళ్ళలు కత్తిరించాను కూడా. అప్పుడెందుకో, ఆ కీళ్ళ మందులు ఏవీ చూపించండి అన్నాను. సంచీలోంచి తీశారు. మెథోట్రెక్సేట్ స్ట్రిప్‌లో ఎనిమిది ఖాళీ. ఫోలిక్ యాసిడ్‌లో ఒక్కటి ఖాళీ.

రెండూ తారుమారయ్యాయి. రోజుకోటి వేసుకున్నారు.

దాంతో ఏమవుతుందో నాకు పూర్తిగా తెలియదు సార్, సిగ్గు విడిచి చెప్తున్నా. ఏదో ప్రమాదం అని మాత్రం అనిపించింది. వాళ్ళబ్బాయికి ఫోన్ చేసి, ఆటోలో ఎక్కించి పెద్దాసుపత్రికి పంపాను. రక్తకణాలు బాగా పడిపోయాయన్నారు, వారం రోజులు అడ్మిట్ అయ్యారు, దేవుడి దయ, బతికారు. బీ కాంప్లెక్స్ ఇచ్చి పంపేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. ఆ నాలుగు బిళ్ళల ముక్క ఇంకా నా డ్రాయర్లోనే ఉంది, పారెయ్యబుద్ధి కాలేదు. ఈ మందుని రోజూ వేసుకుని చనిపోయిన వాళ్ళు దేశదేశాల్లో ఉన్నారని, విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ ఇస్తారని, నోటిపూత మొదటి గుర్తుల్లో ఒకటని నేను తర్వాత ఫోన్‌లో వెతుక్కుని చదివాను. అరగంట పట్టింది. ఆ అరగంట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే పెన్ను తీసి స్ట్రిప్ మీద పెద్దక్షరాలతో ఆదివారం అని రాసేవాణ్ణి. ఇప్పుడు రాస్తున్నాను, ఏ చీటీ వచ్చినా.

ఇలాంటివి రిపోర్టు చెయ్యడానికి ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రాం అని ఒకటి 2010 నుంచి నడుస్తోందని, దానికి ఫారం ఉందని, మాలాంటి వాళ్ళూ పంపొచ్చని కూడా తర్వాతే తెలిసింది. పదిహేనేళ్ళ పథకం సార్. రెండు కోర్సులకి వెళ్ళొచ్చాను, రెండింట్లోనూ దాని ఊసు లేదు.

మరి మేం దేని మీద బతుకుతున్నాం అంటారా, మెడికల్ రిప్రజెంటేటివ్‌ల మీద. ఇన్సులిన్ పెన్ను ఎలా తిప్పాలో నాకు నేర్పింది ఒక రెప్పు. ఆయాసానికి పొడి మందు పీల్చే రోటాహేలర్ వాడకం నేర్పింది ఇంకో రెప్పు, అదీ ఒక పెద్దాయన ఆ క్యాప్సూల్స్‌ని రెండు నెలలు మంచినీళ్ళతో మింగేసి ఆయాసం తగ్గట్లేదు ఈ కంపెనీ దొంగ మందు అని నా మీదకి వచ్చాక. వాళ్ళు మంచి పిల్లలే, కానీ వాళ్ళ కంపెనీ మందు గురించి మంచే చెప్తారు, పక్క కంపెనీది చెడే చెప్తారు, సైడ్ ఎఫెక్టుల దగ్గరికొచ్చేసరికి ఫోన్ మోగుతుంది. ప్రభుత్వం వదిలేసిన పాఠం అమ్ముకునేవాడు చెప్తున్నాడు సార్, మీకిది బాగానే ఉందా?

మేం చదివిన డి.ఫార్మసీ 1991 నాటి రెగ్యులేషన్స్ ప్రకారం చదివాం, అవి మళ్ళీ 2020లో గానీ మారలేదు. మిక్చర్లు కలపడం, పౌడరు పొట్లాలు కట్టడం నేర్చుకుని వచ్చాం. ఇప్పుడు నా కౌంటర్ దగ్గరికొచ్చి యూట్యూబ్‌లో చూశాను బరువు తగ్గే ఇంజెక్షన్ మౌంజారో ఉందా అన్నా అని అడుగుతున్నారు, గ్లిఫ్లోజిన్‌లనే కొత్త రకం షుగరు బిళ్ళలు వేసుకుంటున్న వాళ్ళు ఉపవాసం ఉండొచ్చా అని అడుగుతున్నారు. 2023 డిసెంబరులో నాలుగేళ్ళలోపు పిల్లలకి క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందు వద్దని డ్రగ్ కంట్రోలర్ జనరల్ చెప్తే నాకు తెలిసింది కొత్త స్టాకు సీసా మీద అచ్చేసిన వార్నింగ్ చూసి. 2024 ఆగస్టులో రెండు మూడు మందులు కలిపి చేసిన 156 కాంబినేషన్లు బ్యాన్ చేస్తే ఆ కబురు చెప్పింది స్టాకిస్టు కుర్రాడు, అదీ పాత స్టాకు రిటర్న్ తీసుకోనని చెప్పడానికి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు మందు తాగి పిల్లలు పోయినప్పుడు, సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం ఉందని తేలినప్పుడు, వాట్సాప్‌లో నాకు ఆ అలర్టు పదకొండు సార్లు వచ్చింది, అందులో రెండింట్లో బ్యాచ్ నంబర్ వేరేగా ఉంది. ఏది అసలో ఏది కాదో తెలీక షాపులో ఉన్న దగ్గు మందులన్నీ కింద పెట్టేసి రెండు రోజులు అమ్మడం మానేశాను. తల్లులు వచ్చి తిట్టిపోయారు.

శిక్షల విషయంలో మాత్రం మీరెవరూ వెనకబడలేదు. ఫార్మసీ చట్టం 42వ సెక్షన్‌లో వెయ్యి రూపాయల జరిమానాని 2023లో 2 లక్షల దాకా పెంచారు. సంతోషం, రిజిస్ట్రేషన్ లేనివాడు మందులివ్వకూడదు, నేనూ అదే అంటాను. కొన్ని యాంటీబయాటిక్‌ల లాంటి మందుల అమ్మకాలు రాసే హెచ్1 రిజిస్టరు మూడేళ్ళు దాచమన్నారు, దాస్తున్నాను. తెల్లకోటు వేసుకోమన్నారు, పేరు, నంబరు బ్యాడ్జీ పెట్టుకోమన్నారు, మే నెలలో కరెంటు పోయినా వేసుకునే ఉంటున్నాను. పేషెంటుకి కౌన్సెలింగ్ చెయ్యమన్నారు. ఏమని చెయ్యాలి సార్? కోటు ఉంది, బ్యాడ్జీ ఉంది, లోపల బుర్రలో ఉన్నది పాతికేళ్ళ కిందటి సరుకు. ఎక్స్‌పైరీ అయిన మందు షాపులో ఉంటే ఇన్‌స్పెక్టర్ గారు కేసు రాస్తారు, ఎక్స్‌పైరీ అయిన చదువుకి మాత్రం లామినేషన్ చేయించి ఇస్తున్నారు.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఉన్న ఆ రెండు రోజులైనా సరిగ్గా పెట్టించండి. మా కౌంటర్ మీదకి వచ్చేవే చెప్పించండి, ఇన్‌హేలరు, ఇన్సులిన్, వారానికోసారి వేసుకునే మందులు, కడుపుతో ఉన్నవాళ్ళకి ఇవ్వకూడనివి, పసిపిల్లల డోసులు. తెలుగులో చెప్పించండి. దగ్గర్లో పెట్టండి, పీహెచ్‌సీలో ఆదివారం సాయంత్రం నాలుగు కుర్చీలు వెయ్యలేరా? చెప్పేవాళ్ళు లేరంటారేమో, 2008లో మొదలైన ఫార్మ్ డీ అనే ఆరేళ్ళ ఫార్మసీ కోర్సు చదివిన పిల్లలు బయటికొస్తూనే ఉన్నారు, మా చుట్టాలబ్బాయి ఒకడు అంత చదువూ చదివి ఇంటి దగ్గర కూచుని మెడికల్ కోడింగ్ చేసుకుంటున్నాడు. వాడు మొన్న సంక్రాంతికి వచ్చి మా అరుగు మీద కూచుని గంటసేపు చెప్పింది నాకు ఆ రెండు కోర్సుల్లోనూ దొరకలేదు. అలాంటి వాళ్ళకి రోజుకింతని ఇచ్చి మండలాలకి పంపండి సార్. అలర్టులు ఏదో ఒక్కచోట నుంచి, ఒక్క నంబరు నుంచి, నమ్మేలా రానివ్వండి. మనిషి రాకుండా సర్టిఫికెట్ ఇవ్వడం ఆపండి. ఇవన్నీ కుదరకపోతే కనీసం మొదటిదైనా, సరిగ్గా పెట్టించండి సార్, అంతే.

నా రెన్యూవల్ మళ్ళీ దగ్గరికొస్తోంది, ఇంకో కోర్సుకి రావాలి. వస్తాను. సంత రోజైనా వస్తాను, షాపు మూసే వస్తాను, ఫీజు కడతాను. తొమ్మిది శాలువాల్లో ఒక మూడు తగ్గించి, ఆ టైములో మెథోట్రెక్సేట్ మీద ఒక అరగంట పెట్టించండి. భోజనం కూపను కూడా అక్కర్లేదు, క్యారేజీ నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక మండల కేంద్రంలో మెడికల్ షాపు నడుపుకునే రిజిస్టర్డ్ ఫార్మసిస్టు