క్యూసెక్కులు సరే, మా వీధికి నీరెంత వస్తుందో చెప్పండి

సంపాదకుడు గారికి,

నాగావళికి వరద వచ్చినప్పుడల్లా ఒకటే ప్రకటన: ఎగువన తోటపల్లి బ్యారేజీ నుంచి ఇన్ని వేల క్యూసెక్కులు వదిలారు, తీరప్రాంత ప్రజలు అప్రమత్తంగా ఉండాలి. శ్రీకాకుళం ఏటిగట్టు వీధుల్లో ఆ అంకె ఎవరికీ అక్కరకు రాదు. క్యూసెక్కంటే సెకనుకు 28.3 లీటర్లు. దాన్ని బట్టి బియ్యం బస్తా అటకెక్కించాలో లేదో ఎలా తేల్చుకోవడం?

పైగా ఆ అంకె సగం లెక్కే. తోటపల్లి దిగువన, వంగర మండలం సంగాం దగ్గర సువర్ణముఖి, వేగావతి నీళ్లు కూడా నాగావళిలో కలుస్తాయి. మడ్డువలస జలాశయం గేట్లు ఎత్తితే ఆ నీరూ ఇటే రావాలి. తోటపల్లి వరద తగ్గిందని ఊపిరి పీల్చుకున్న రాత్రే మడ్డువలస నీరు దిగొచ్చు. ఇవన్నీ కలిశాక వచ్చేది నారాయణపురం ఆనకట్ట. శ్రీకాకుళానికి పనికొచ్చే లెక్క అక్కడిది. ఏరు పుట్టింది ఒడిశా కొండల్లో కాబట్టి ఇక్కడ ఎండ కాస్తుండగానే వరద వస్తుంది. ఆకాశం చూసి అంచనా వేసే వీలు లేదు.

మేము అడిగే మొదటి పని ఖర్చు లేనిది. కేంద్ర జల సంఘం శ్రీకాకుళంలో నీటిమట్టం కొలుస్తుంది. ఆ కొలత సముద్రమట్టం నుంచి మీటర్లలో ఉంటుంది. ఎత్తులు కొలిచే లెవెల్ మెషీన్, స్టాఫ్ కర్ర పట్టుకుని సర్వేయర్లు గట్టు వీధుల్లో తిరిగి, ప్రతి వీధి మొగలో కరెంటు స్తంభం మీదో బడి గోడ మీదో అదే కొలతతో అర మీటరుకో గీత వేసి అంకె రాస్తే చాలు. రేపు ఏరు ఎంత మట్టానికి చేరుతుందో ప్రకటిస్తే ఎవరి గుమ్మం మునుగుతుందో వాళ్లే చూసుకుంటారు. ఇందులో రెండు మెలికలున్నాయి. వరదనీరు చెరువులా సమంగా నిలబడదు, ఎగువ వీధిలో మట్టం దిగువ వీధి కంటే ఎక్కువ ఉంటుంది. అందుకని పాత వరదల మరకలు గోడల మీద ఎక్కడున్నాయో ముసలివాళ్లను అడిగి సరిచూసుకోవాలి. రెండోది, గీత రోడ్డు ఎత్తును బట్టి వేయకూడదు. పాత సిమెంటు రోడ్డు తవ్వకుండా దాని మీదే మరొకటి పోస్తే ప్రతిసారీ జానెడు ఎత్తు పెరుగుతుంది, అరుగులున్న పాత ఇళ్లు అంతకంతకూ పల్లమవుతాయి.

అసలు ఏటి ఒడ్డున ఇళ్లెవరు కట్టుకోమన్నారని ప్రతి వరదకూ ఒక విసురు వినబడుతుంది. ఏరు లేకపోతే ఈ ఊరే లేదు. చికాకోలు సర్కారు అనే పాతకాలపు పాలనా ప్రాంతానికి ఒకప్పుడు ఇదే ముఖ్యపట్టణం. ఇక్కడి మస్లిన్ బట్టకు దేశాంతరాల్లో పేరుండేది. నూలు ఉడకబెట్టడానికీ, బట్ట ఉతికి ఆరవేయడానికీ నీరు కావాలి. వ్యాపారానికి వచ్చినవాళ్ల గుర్తుగానే గుజరాతీపేట ఉంది. గోల్కొండ ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు 1641 నాటిది. మున్సిపాలిటీ 1856లోనే ఏర్పడింది. 1901లో జనం 18,196 మంది. 2011కు లక్షా పాతిక వేలు దాటారు. పెరిగిన జనానికి పల్లపు పొలాలను ప్లాట్లు వేసి అమ్మారు, ఆ లేఅవుట్లకు అనుమతులూ వచ్చాయి. తప్పు పట్టాలనుకుంటే ఆ కాగితాలతో మొదలుపెట్టాలి.

ఇక అసలు సంగతి. చాలా వీధుల్లోకి నీరు గట్టు దాటి రాదు, మురుగు కాలువలోంచి వెనక్కి వస్తుంది. ఏటి మట్టం కాలువ నోటి కంటే పైకి లేవగానే ప్రవాహం తిరగబడి, గట్టు పొడిగా ఉండగానే వీధి మధ్య మేన్‌హోల్ పొంగుతుంది, మరుగుదొడ్లు ఎగదన్నుతాయి. దీనికి కాలువ నోటికి ఏటి వైపున పైఅంచు కీలుతో వేలాడే ఇనుప రెక్క బిగించాలి. లోపలి నీరు తోస్తే తెరుచుకుంటుంది, ఏరు తోస్తే మూసుకుంటుంది. మోటారు అక్కర్లేదు, మనిషి అక్కర్లేదు అంటారు కానీ మనిషి కావాలి. అరటిబోదె, కొబ్బరిమట్ట, పాత చీర ఏది అడ్డం పడ్డా రెక్క పూర్తిగా మూసుకోదు. ఆ సందు చాలు వీధి మునగడానికి. రెక్క పాదం దగ్గర ఇసుక మేట వేస్తే అసలు కదలదు. అందుకే రెక్కకు లోపలివైపు పది అడుగుల ముందు కంబీల జాలీ ఉండాలి, దాని చెత్త వానాకాలంలో రోజూ తీయాలి, వరద తగ్గిన ప్రతిసారీ మేట తవ్వాలి.

రెక్క మూసుకున్నాక మరో చిక్కు. ఊళ్లో పడ్డ వాన ఎక్కడికి పోతుంది? ఎకరం మీద 50 మిల్లీమీటర్లు కురిస్తే 2 లక్షల లీటర్లు. పది ఎకరాల పేటకు 20 లక్షలు. సెకనుకు 50 లీటర్లు తోడే పంపు పెట్టినా గంటకు 1 లక్షా 80 వేలే, అంటే పదకొండు గంటల పని. వరద రోజున కరెంటు తీసేస్తారు కనుక అది డీజిల్ పంపు అయి ఉండాలి; గొట్టం గట్టు దాటేంత పొడవు ఉండాలి; తోడే చోట నాలుగడుగుల గుంట ముందే కట్టి ఉండాలి. పంపు తెచ్చాక గుంట తవ్వడం చాలా ఊళ్లలో చూసే తమాషా.

ఈ పనులకు అదను ఏప్రిల్, మే నెలలు. ఏరు అడుగంటి కాలువ నోళ్లన్నీ పైకి కనబడేది అప్పుడే. జూలైలో టెండరు పిలిస్తే తాపీమేస్త్రీ నీళ్లలో నిలబడాలి. ముందుగా నగరపాలక సంస్థ ఏట్లో కలిసే కాలువలన్నీ లెక్కపెట్టి, ప్రతి నోటి మట్టమూ వార్డు కార్యాలయం గోడ మీద రాయిస్తే, ఏ రెక్క ముందు బిగించాలో దానంతటదే తేలుతుంది. పల్లంలో ఉన్నదానికే మొదటి వంతు.

– నాగావళి గట్టు వీధుల నివాసులు, శ్రీకాకుళం